మీ మనోభావాలకు కాపలా కాయడం పోలీసుల పని కాదు

2013లో ఒక ఇంగ్లీషు వ్యాపార పత్రిక అట్ట మీద మహేంద్రసింగ్ ధోనీని విష్ణుమూర్తిలా బొమ్మ వేశారు. చేతుల్లో శంఖచక్రాలకు బదులు ఆయన ప్రచారం చేసే కంపెనీల సరుకులు. అందులో ఒక బూటు కూడా ఉంది. ప్రకటనల మీద క్రికెటర్లు ఎంత గడిస్తున్నారో చెప్పడానికి పత్రికవాళ్లు వేసిన వెటకారం అది. బాగుందా అంటే నాకైతే బాగోలేదు. కానీ ఆ బొమ్మ గీసింది ధోనీ కాదు. అయినా అనంతపురంలో ఒకాయన మనోభావాలు దెబ్బతిన్నాయి. 2016 జనవరిలో అక్కడి కోర్టు నుంచి భారత వన్డే జట్టు కెప్టెన్ మీద నాన్‌బెయిలబుల్ వారంటు బయల్దేరింది. చివరికి 2017 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ కేసును కొట్టేసింది. దురుద్దేశం లేకుండా, తెలియకో అజాగ్రత్తగానో జరిగిన అవమానం నేరం కాదంది. ఈ సంగతి 1957లోనే అయిదుగురు జడ్జీల ధర్మాసనం చెప్పింది. అరవై ఏళ్ల పాత మాటను మళ్లీ చెప్పించడానికి ధోనీ దగ్గర డబ్బుంది, ఢిల్లీలో సీనియర్ లాయర్లున్నారు. మీ దగ్గరున్నారా?

ఏడాది తిరక్కుండానే ఫలక్‌నుమా. ఒక మలయాళ సినిమాలో స్కూలు పిల్ల కన్ను కొట్టింది. వెనక వచ్చే పాట ప్రవక్త గురించి, ఆయన భార్య ఖదీజా గురించి. కేరళ ముస్లింలు 1978 నుంచి పెళ్లిళ్లలో పండగల్లో పాడుకుంటున్న మాప్పిళ పాట అది. కేరళలో నలభై ఏళ్లుగా ఎవరికీ తగలని దెబ్బ 2018 ఫిబ్రవరిలో హైదరాబాదు పాతబస్తీలో కొందరు కుర్రాళ్లకు తగిలింది. ఫలక్‌నుమా పోలీసులు దర్శకుడి మీద కేసు కట్టారు. ఎవరో ఎక్కడో సినిమాలో పాట పాడితే కేసులు కట్టడం తప్ప మీకు వేరే పని లేదా అని సుప్రీంకోర్టు మన సర్కారు వకీలును నిలదీసి, ఆగస్టులో కేసు కొట్టేసింది.

అనంతపురంలో హిందువు, ఫలక్‌నుమాలో ముస్లిం. ఆ రెండు ఫిర్యాదుల్లో పేర్లు చెరిపేసి పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో రాసినవాళ్లే పోల్చుకోలేరు. మరి క్రైస్తవులు? వాళ్లూ తక్కువ తినలేదు. 2006లో ‘ది డావిన్సీ కోడ్’ సినిమాను కేంద్ర సెన్సారు బోర్డు పాస్ చేసినా, మత పెద్దలు వచ్చి అడిగారని ఆనాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రాష్ట్రమంతా నిషేధించింది. మన హైకోర్టులో జస్టిస్ గోడా రఘురాం ఆ ఉత్తర్వును అదే నెలలో కొట్టేశారు కాబట్టి పరువు దక్కింది. దేవుడి కొడుకు పెళ్లి చేసుకున్నాడని ఒక నవలాకారుడు ఊహిస్తే రెండు వేల ఏళ్ల విశ్వాసం కూలిపోతుందా? అలా కూలిపోయేదైతే దాన్ని జీవో నిలబెడుతుందా?

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మత స్వేచ్ఛ 25వ అధికరణంలో ఉంది, వాక్ స్వాతంత్ర్యం 19లో ఉంది. కాగితం మీద రెండు చోట్ల ఉన్నాయి గానీ కోర్టు మెట్లెక్కేసరికి అవి రెండిళ్లకు ఉన్న ఒకే ఉమ్మడి గోడ. నా దేవుణ్ణి ఎవడూ ఏమీ అనకూడదని, మతభావాల అవమానాన్ని నేరం చేసిన ఐపీసీ 295ఎ కింద పిటిషన్ పట్టుకుని స్టేషనుకు పోయే భక్తుడు తన వైపు నుంచి ఇటుకలు పీకుతున్నాడు. మతమార్పిడి చట్టాలు వస్తుంటే, మతాల గొడవ మనకెందుకు, పోతే పోనీ అని నవ్వుకునే హేతువాది అవతలి వైపు నుంచి పీకుతున్నాడు. ఇద్దరూ చాలా శ్రద్ధగా పనిచేస్తున్నారు. ఇద్దరికీ నా తిట్లు సమానం.

ఈ 295ఎ ఎక్కణ్ణుంచి వచ్చిందో కాస్త చూడండి. 1924లో లాహోరులో రాజ్‌పాల్ అనే ఆర్యసమాజ ప్రచురణకర్త ప్రవక్త మీద ‘రంగీలా రసూల్’ అనే కరపత్రం అచ్చేశాడు. నీచమైన రాత. కింది కోర్టు శిక్ష వేసింది. 1927లో లాహోరు హైకోర్టు జడ్జి దలీప్ సింగ్, రాత ఎంత చెడ్డదైనా చనిపోయిన మతాచార్యుణ్ణి విమర్శించడం ఉన్న చట్టం కింద నేరం కాదని వదిలేశాడు. వీధులు భగ్గుమన్నాయి. తెల్లదొర ఏం చేశాడు? ఆ ఏడాదే కొత్త సెక్షన్ రాయించాడు. శాంతి వచ్చిందా? 1929 ఏప్రిల్‌లో ఇల్ముద్దీన్ అనే కుర్రాడు రాజ్‌పాల్‌ను అతని దుకాణంలోనే పొడిచి చంపాడు. సర్కారు అతణ్ణి ఉరి తీసింది. సెక్షన్ మాత్రం బతికింది. దాన్ని చర్చించిన సభలో మహమ్మద్ అలీ జిన్నా ఉన్నాడు. మతం మీద నిజాయితీగా విమర్శ రాసేవాళ్లకు, చరిత్ర పరిశోధించేవాళ్లకు ఇది తగలకుండా చూడాలని ఆయన హెచ్చరించాడు. ఆయన కట్టిన దేశమే ఆ హెచ్చరికను పాతిపెట్టింది. 1986లో పాకిస్తాన్ అదే వరసలో 295సి చేర్చుకుని ప్రవక్తను దూషిస్తే మరణశిక్ష అంది. 2014 మే నెలలో ముల్తాన్‌లో రషీద్ రెహ్మాన్ అనే లాయరును ఆఫీసులోనే కాల్చి చంపారు. ఆయన దైవదూషణ చేయలేదు. దైవదూషణ నిందపడ్డ ఒక అధ్యాపకుడి తరఫున వకాలత్ వేశాడు, అంతే. మొక్క ఒకటే, నాటిన చెయ్యీ ఒకటే. మనదగ్గర ఇంకా అంత ఎత్తు పెరగలేదని సంతోషించేవాళ్లు సంతోషించండి.

2024 జులై 1 నుంచి మన వలస చట్టాలన్నీ పోయాయని ఊరేగింపులు చేశారు కదా. 295ఎ పోలేదు. భారతీయ న్యాయ సంహితలో 299 అని కొత్త నంబరు వేసుకుని కూర్చుంది. అదే మూడేళ్ల శిక్ష. అదే కథ. లాహోరు గల్లీలను చల్లార్చడానికి వైస్రాయి ప్రభుత్వం చేసిన చట్టాన్ని స్వదేశీ అట్ట వేసి మన చేతికిచ్చారు.

స్టేషన్లో ఇది ఎలా నడుస్తుందో లాయర్లందరికీ తెలుసు. జనానికి తెలియాలి. ముగ్గురు నలుగురు నాయకులు, వాళ్ల వెనక పాతికమంది కుర్రాళ్లు వస్తారు. చేతిలో అరపేజీ పిటిషన్. దాంతోపాటు ఒక స్క్రీన్‌షాట్. సీఐ గారు అది చదివేలోపే బయట నినాదాలు మొదలవుతాయి, ఎవడో ఫేస్‌బుక్ లైవ్ పెడతాడు, పైనుంచి ఫోను మోగుతుంది. ‘దురుద్దేశపూర్వకంగా, కావాలని’ అని సెక్షన్లో స్పష్టంగా ఉన్న మాటలను ఆ గంటలో ఎవరూ చదవరు. ఎఫ్ఐఆర్ కట్టేస్తే గుంపు ఇంటికి పోతుంది, ఊరు సద్దుమణుగుతుంది, సీఐ గారికి రాత్రి నిద్ర పడుతుంది. శుక్రవారం సాయంత్రం అరెస్టయితే సోమవారం దాకా బెయిలు ఊసే ఉండదు. ఆ తర్వాత రిమాండు, ష్యూరిటీల కోసం తిరుగుడు, వాయిదాలు, క్వాష్ పిటిషన్‌కు హైదరాబాదో అమరావతో ప్రయాణం. ఈలోపు పదిచోట్ల పది కేసులు.

ఇందులో ఒక మెలిక ఉంది, వినండి. ఈ సెక్షన్ కింద కోర్టు కేసును విచారణకు తీసుకోవాలంటే ముందు ప్రభుత్వం అనుమతివ్వాలి. పాత సీఆర్‌పీసీలో 196, ఇప్పటి బీఎన్ఎస్ఎస్‌లో 217. సర్కారు ఆలోచించి, ఇది నిజంగా నేరమే అనుకుంటేనే విచారణ నడవాలని పెట్టిన జాగ్రత్త అది. కానీ అరెస్టుకు ఆ అనుమతి అక్కర్లేదు! అరెస్టు చేయడానికి ఎవరి సంతకమూ వద్దు, విచారించడానికి మాత్రం సెక్రటేరియట్ ఫైలు కదలాలి. ఆ ఫైలు కదలకపోతే కేసు తేలదు. తేలకపోతే నిర్దోషి అని తీర్పూ రాదు. నిందితుడి మెడలో ‘దేవుణ్ణి తిట్టినవాడు’ అన్న బోర్డు అలా వేలాడుతూనే ఉంటుంది. శిక్ష పడకుండానే శిక్ష అనుభవించడం ఇదే. దీన్ని వాడుకునేవాళ్లకు కావలసిందీ ఇదే. కేసు గెలుస్తామని వాళ్లు కూడా అనుకోరు.

ఇప్పుడు ఆ రెండు హక్కుల ఉమ్మడి గోడను కట్టినవాళ్ల సంగతి. మేధావులు కాదు, యూనివర్సిటీ ప్రొఫెసర్లు కాదు. ఇంటింటికీ తిరిగి తలుపు కొట్టి జనాన్ని విసిగించే ఒక చిన్న గుంపు. యెహోవా సాక్షులు. మిగతా క్రైస్తవులు కూడా వాళ్లను దగ్గరికి రానివ్వరు. 1930ల చివర అమెరికాలో న్యూటన్ క్యాంట్‌వెల్, ఆయన ఇద్దరు కొడుకులు న్యూహేవెన్ పట్నంలో క్యాథలిక్కులు నిండుగా ఉండే వీధికి వెళ్లారు. ఒక గ్రామఫోను పట్టుకుని దారినపోయేవాళ్లను ఆపి, వింటారా అని అడిగి రికార్డు పెట్టారు. ఆ రికార్డులో ఉన్నది క్యాథలిక్ మతం మీద తిట్లు. విన్న ఇద్దరు క్యాథలిక్కులకు ఒళ్లు మండింది. కొట్టాలనిపించిందని సాక్ష్యంలోనే చెప్పుకున్నారు. ఇదే మన ఊళ్లో జరిగుంటే 295ఎ, దాని మీద 153ఎ, సాయంత్రానికి రిమాండు. అమెరికా సుప్రీంకోర్టు 1940లో ఏకగ్రీవంగా ఆ శిక్షలు కొట్టేసింది. అవతలివాడి మతాన్ని తప్పని చెప్పే హక్కు లేకపోతే నీ మతాన్ని ఒప్పని చెప్పే హక్కుకు అర్థమేముందన్నదే ఆ కేసులో తేలిన సంగతి. తిట్టిన నోరూ, ప్రార్థించిన నోరూ ఒకటే అక్కడ.

కానీ అదే కోర్టు, అదే ఏడాది, కొద్ది రోజుల తేడాలో, జెండాకు సెల్యూట్ చేయని సాక్షుల పిల్లల్ని బడి నుంచి తీసేయడం సబబే అంది. యుద్ధం రోజులు. దేశభక్తి పొంగింది. ఆ తీర్పు వచ్చాక ఊరూరా సాక్షుల మీద గుంపులు పడ్డాయి. మూడేళ్లు గడిచేసరికి, 1943లో, కోర్టు తన తీర్పును తానే తిరగరాసింది. ఈ కేసులు వరసగా నడిపినవాళ్లలో హేడెన్ కోవింగ్టన్ అనే సాక్షుల లాయరు ముఖ్యుడు. తర్వాత్తర్వాత సైన్యంలో చేరనని భీష్మించిన ముస్లిం బాక్సరు మహమ్మద్ అలీకి కూడా ఆయనే వకాలత్ పట్టాడు. ఒక మతం కోసం తవ్విన దారిలో ఇంకో మతంవాడు నడిచాడు. అలా నడవలేని దారి తవ్వి ప్రయోజనమేమిటి?

ఆ దారి కొట్టాయం దాకా వచ్చింది. 1985 జులై. కేరళలో కొట్టాయం జిల్లాలోని ఒక హైస్కూలు. పదో తరగతి, తొమ్మిదో తరగతి, అయిదో తరగతి చదివే ముగ్గురు తోబుట్టువులు. యెహోవా సాక్షుల పిల్లలు. పొద్దున్నే జనగణమన పాడేటప్పుడు గౌరవంగా లేచి నిలబడతారు, నోరు మెదపరు. వాళ్ల దేవుణ్ణి తప్ప ఇంకెవరినీ కీర్తించకూడదని వాళ్ల నమ్మకం. ఏళ్ల తరబడి టీచర్లకు గానీ తోటి పిల్లలకు గానీ ఏ ఇబ్బందీ లేదు. ఒక ఎమ్మెల్యే గారి కంట పడింది. అసెంబ్లీలో ప్రశ్న. విచారణకు కమిషన్. ఆ కమిషనే పిల్లలు బుద్ధిమంతులని, గీతానికి ఏ అగౌరవమూ చేయలేదని రాసింది. అయినా డిప్యూటీ ఇన్‌స్పెక్టర్ ఆదేశం మీద జులై 26న ముగ్గుర్నీ బడి నుంచి తీసేశారు. తండ్రి వెళ్లి, ప్రభుత్వం నుంచి ఏదో ఒక ఉత్తర్వు వచ్చేదాకానైనా పిల్లల్ని రానివ్వమని బతిమాలాడు. ప్రధానోపాధ్యాయురాలు తన చేతిలో ఏమీ లేదంది.

కేరళ హైకోర్టు జనగణమనను మాట మాట పరీక్షించి, ఇందులో ఏ మతానికీ అభ్యంతరకరమైన పదం లేదు కదా, మరి మీకేం నొప్పి అంది. వినడానికి ఎంత సమంజసంగా ఉంది! ఆ సమంజసమే ప్రమాదమని పట్టుకున్నవాడు మన తెలుగువాడు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లిన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. 1986 ఆగస్టు 11న జస్టిస్ ఎం.ఎం. దత్‌తో కలిసి కూర్చుని ఇచ్చిన బిజో ఇమ్మానుయేల్ తీర్పులో ఆయన అడిగిన ప్రశ్న వేరు. ఆ నమ్మకం మన బుద్ధికి నచ్చుతుందా, మన మనసుకు ఎక్కుతుందా అన్నది జడ్జి తేల్చాల్సిన పని కాదు. ఆ పిల్లలు దాన్ని మనస్ఫూర్తిగా నమ్ముతున్నారా? నమ్ముతున్నారు. గీతం పాడి తీరాలని చెప్పే చట్టం ఏదైనా ఉందా? లేదు. విద్యాశాఖ సర్క్యులర్లు ఉన్నాయి. సర్క్యులర్ చట్టం కాదు. ప్రాథమిక హక్కు నోరు నొక్కాలంటే చట్టం ఉండాలి. లేచి నిలబడటమే గౌరవం. పిల్లల్ని మళ్లీ బడిలో చేర్చుకోండి, చదువుకు ఆటంకం లేకుండా చూడండి.

ఆ తీర్పు 25వ అధికరణం మీద మాత్రమే నిలబడలేదు, 19 మీద కూడా నిలబడింది. మాట్లాడే హక్కులో మాట్లాడకుండా ఉండే హక్కు ఉంది. ఆ మౌనం పిల్లల నోట్లో ఉన్న మతం. విడదీయండి చూద్దాం! పాకిస్తాన్ 295సి తెచ్చుకున్న సంవత్సరమే మన సుప్రీంకోర్టు ఈ తీర్పిచ్చింది. ఇది రాసినవాడు మనవాడని తెలుగు పాఠ్యపుస్తకంలో ఒక్క పేజీ లేదు. వీధికో విగ్రహం పెట్టుకునే జాతికి చిన్నప్పరెడ్డి పేరు మీద ఒక చౌరస్తా కూడా గుర్తుకు రాదు.

గుర్తుంటే జమ్మికుంటలో 2017 ఆగస్టు నుంచి పోలీసులు రోజూ పొద్దున మైకుల్లో జనగణమన వేసి ఊరంతా ఎక్కడివాళ్లను అక్కడ నిలబెట్టినప్పుడు ఎవరైనా ఒక ప్రశ్న అడిగేవాళ్లు. టీవీలన్నీ ముచ్చటపడ్డాయి. ఆటోలు ఆగాయి, కూరగాయల బేరం ఆగింది, అబ్బ ఎంత దేశభక్తి అన్నారు. ఆగనివాడి సంగతేమిటని ఒక్క విలేకరి అడగలేదు. పోలీసు మైకు ముందు ఆగడం ఇష్టమో భయమో కొలిచే సాధనం ఎవరి దగ్గరుంది?

2022 అక్టోబరులో హిజాబ్ కేసులో సుప్రీంకోర్టు ఇద్దరు జడ్జీలు చెరో దారి పట్టినప్పుడు జస్టిస్ సుధాంశు ధూలియా చేతిలో ఉన్నది ఈ తీర్పే. కర్ణాటక హైకోర్టు మాత్రం హిజాబ్ ఇస్లాంలో తప్పనిసరా కాదా అని మత గ్రంథాలు తిరగేసింది. జడ్జీలు ముఫ్తీల పని నెత్తినేసుకున్నారు. ఆ అమ్మాయి మనస్ఫూర్తిగా నమ్మిందా అన్న చిన్నప్పరెడ్డి ప్రశ్నకు గ్రంథం అక్కర్లేదు. అమ్మాయిని అడిగితే చాలు. ఇక్కడ మన అభ్యుదయవాదులు కొందరు నసిగారు, నాకు బాగా గుర్తు. హిజాబ్ స్త్రీలను అణచివేస్తుంది కాబట్టి ఎటూ చెప్పలేం అన్నారు. అయ్యా, అణచివేతను ఎదిరించడానికి ఆ పిల్లను బడి నుంచి గెంటేయడమా మీ మార్గం?

సరే, ఇప్పుడు హేతువాద మిత్రుల వంతు. రాజ్యాంగ సభలో ‘ప్రచారం’ అనే మాట మత స్వేచ్ఛలో పెట్టాలా వద్దా అని 1948 డిసెంబరులో వాదన జరిగింది. పెట్టకపోయినా వాక్ స్వాతంత్ర్యం కింద ఎవరైనా తన మతం గురించి చెప్పుకోవచ్చు కదా అని కె.ఎం. మున్షీ లాంటివాడే అన్నాడు. రెండు హక్కులూ ఒకటేనని ఆనాడే తేటతెల్లం. 1967లో ఒరిస్సా, 1968లో మధ్యప్రదేశ్ మతమార్పిడి చట్టాలు తెచ్చాయి. విచిత్రం చూడండి, రెంటికీ పేరు ‘స్వేచ్ఛ’. 1977లో సుప్రీంకోర్టు, ప్రచారం చేసే హక్కు ఉంది గానీ మతం మార్చే హక్కు లేదు అని వాటిని నిలబెట్టింది. చెప్పు, కానీ నమ్మించకు. ఇంతకన్నా పనికిమాలిన హక్కు ఇంకోటి ఉందా? బలవంతాన్ని శిక్షించడానికి మామూలు చట్టాలు ఎప్పుడూ ఉన్నాయి. ఉత్తరప్రదేశ్‌లో ఇప్పుడు మతం మారాలనుకున్నవాడు అరవై రోజుల ముందు కలెక్టరుకు కాగితం పెట్టుకోవాలి. 2024 సవరణతో ఎవరైనా ఫిర్యాదు చేయవచ్చు, శిక్ష యావజ్జీవం దాకా పోతుంది. దేవుడి దగ్గరికి పోవడానికి రెండు నెలల నోటీసు పీరియడ్! అక్కడ కట్టిన కొన్ని కేసులను 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు కొట్టేయాల్సి వచ్చింది. అప్పటికి నిందితులు మూడేళ్లుగా కోర్టుల చుట్టూ తిరుగుతున్నారు.

నాస్తికుడు కూడా మతం మారినవాడే కదా? నువ్వు సభ పెట్టి, దేవుడు లేడు అని పదిమందిని ఒప్పిస్తే అది మార్పిడి కాదా? రేపు నీ కరపత్రాన్ని ‘ప్రలోభం’ అంటే ఏ సెక్షన్ వెనక దాక్కుంటావు? పాస్టరును వదిలేసినవాడికి తన వంతు వచ్చేసరికి వాదించే మాట మిగలదు.

మన రెండు తెలుగు రాష్ట్రాల్లో మతమార్పిడి చట్టం లేదు. దానికి మురిసిపోకండి. మన చట్టం రికార్డుల్లో ఉంది, మాలపల్లిలో మాదిగపల్లిలో ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు తప్ప ఇంకొకరు ఎస్సీ కారు. 1956లో సిక్కుల్ని చేర్చారు, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుడికి, ముస్లింకు తలుపు మూసే ఉంది. అందుకే కోస్తా జిల్లాల్లో ఏ దళితవాడకు పోయినా ఇదే తంతు. ఆదివారం తెల్లచీర కట్టుకుని, బైబిలు గుడ్డలో చుట్టుకుని చర్చికి పోయిన తల్లి, సోమవారం కొడుకు కాలేజీ సీటు కోసం తహసీల్దారు ఆఫీసులో ‘హిందూ’ అన్న గడి ఎదురుగా టిక్కు పెట్టించుకుంటుంది. పిల్లవాడికి చర్చిలో ఒక పేరు, రికార్డులో ఇంకో పేరు. వీఆర్వోకు తెలుసు, తహసీల్దారుకు తెలుసు, పాస్టరుకు తెలుసు. అందరూ కలిసి ఒక అబద్ధాన్ని కాపాడుతున్నారు, ఎందుకంటే నిజం చెబితే ఆ పిల్లవాడి సీటు పోతుంది. 1977లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం క్రైస్తవంలోకి మారిన దళితులకు కొన్ని రాయితీలు ఇస్తూ జీవో ఇచ్చింది. చట్టం ఇచ్చే రక్షణ మాత్రం ఇవ్వలేకపోయింది. 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, తనను కులం పేరుతో తిట్టి కొట్టారన్న ఒక పాస్టరు పెట్టిన ఎస్సీ ఎస్టీ అట్రాసిటీ కేసును, నువ్వు క్రైస్తవుడివి కాబట్టి చెల్లదని కొట్టేసింది. కొట్టినవాడు కులం చూస్తాడట, కోర్టు మతం చూస్తుందట! దెబ్బ ఏ మతం మీద పడింది? ఇది మత స్వేచ్ఛ కేసు కాదని చెప్పే లాయరు ఎవరైనా ఉంటే ఆయనతో వాదించడానికి నేను సిద్ధం. దేవుణ్ణి ఎంచుకుంటే రక్షణ పోతుందంటే, ఆ ఎంపికకు సర్కారు ధర కట్టినట్టే.

హైదరాబాదు చరిత్ర ఇంకా అందం. 2007 ఆగస్టు 9న బషీర్‌బాగ్ ప్రెస్‌క్లబ్‌లో తస్లీమా నస్రీన్ నవల తెలుగు అనువాదం ఆవిష్కరణ. మజ్లిస్ ఎమ్మెల్యేలు, వాళ్ల మనుషులు లోపలికి దూసుకొచ్చి పూలగుత్తులు, కుర్చీలు విసిరారు. ఆమెను గోడ మూలకు నెట్టి అడ్డం నిలబడ్డ పెద్దలకు దెబ్బలు తగిలాయి. అంతా కెమెరాల ముందే. తర్వాత పోలీసులు కేసు ఎవరి మీద కట్టారు? దాడి చేసినవాళ్ల మీద కట్టారు, ఆమె మీద కూడా కట్టారు! 153ఎ, మతాల మధ్య వైషమ్యం రెచ్చగొట్టినందుకు. కుర్చీ దెబ్బ తప్పించుకోవడం కూడా రెచ్చగొట్టడమే.

2018 జులైలో సినీ విమర్శకుడు కత్తి మహేష్ టీవీలో రాముడి గురించి మాట్లాడాడు. ఆ మాటలు నాకు నచ్చలేదు, తొందరపాటు మాటలు. పోలీసులు ఆరు నెలల నగర బహిష్కరణ విధించి చిత్తూరు వైపు పంపేశారు. మహేష్ మాటలకు నిరసనగా పాదయాత్ర చేస్తానన్న పరిపూర్ణానంద స్వామికి రెండు రోజుల తేడాతో అదే చట్టం కింద అదే ఆరు నెలలు వేసి కాకినాడ పంపేశారు. రౌడీలను అదుపు చేయడానికి 1980లో చేసిన చట్టం అది. మహేష్‌ను పంపినప్పుడు స్వామి అభిమానులు చప్పట్లు కొట్టారు. స్వామిని పంపినప్పుడు మహేష్ అభిమానులు చప్పట్లు కొట్టారు. ఆగస్టులో స్వామి బహిష్కరణను హైకోర్టు నిలిపేసింది. ఇద్దరి తరఫునా ఒకే నోటితో మాట్లాడినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. స్వామిని నమ్మే లాయరు మహేష్ కోసం, మహేష్‌ను మెచ్చే లాయరు స్వామి కోసం నిలబడి ఉంటే ఆ చట్టం ఆ వారమే నవ్వులపాలయ్యేది.

అంటే ఎవడేం కూసినా ఊరుకోవాలా అని అడుగుతారు. లేదు. దేవుణ్ణి వెక్కిరించడం వేరు, మనుషుల మీద గుంపును ఉసిగొల్పడం వేరు. ప్రసంగం వల్ల హింస రేగే ముప్పు నిప్పురవ్వకూ మందుగుండుకూ ఉన్నంత దగ్గరగా ఉండాలని సుప్రీంకోర్టు 1989లోనే రంగరాజన్ కేసులో చెప్పింది. ఆ నిజమైన నేరాన్ని మనవాళ్లు ఎంత ముచ్చటగా విచారిస్తారో చూశాం. 2012 డిసెంబరులో నిర్మల్, నిజామాబాద్ సభల్లో మజ్లిస్ ఎమ్మెల్యే అక్బరుద్దీన్ ఒవైసీ చేసిన ప్రసంగాల కేసులు దాదాపు పదేళ్లు సాగి 2022 ఏప్రిల్‌లో నిర్దోషిగా ముగిశాయి. రాష్ట్రమంతా విన్న గొంతును ప్రాసిక్యూషన్ నిరూపించలేకపోయింది. అదే ఏడాది ఆగస్టులో గోషామహల్ ఎమ్మెల్యే రాజాసింగ్‌ మీద, విచారణ బాధ లేకుండా ముందస్తు నిర్బంధానికి వీలిచ్చే పీడీ యాక్టు పెట్టారు. నవంబరులో హైకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. ఒకరి కేసులో సాక్ష్యం నిలబెట్టే చేవ లేదు, ఇంకొకరి కేసులో సాక్ష్యం పెట్టే ఓపికే లేదు. బలవంతుడి ముందు ఇలా చేతులెత్తేసే పోలీసు, ఫేస్‌బుక్‌లో నాలుగు లైన్లు రాసిన డిగ్రీ కుర్రాడి మీద మాత్రం పులి.

ఇక లాయర్లకు రెండు మాటలు. ఇలాంటి కేసులో ఎవరో అరెస్టవగానే, ఈయన తరఫున ఎవరూ వాదించరాదు అని బార్ అసోసియేషన్ తీర్మానం చేసే ఆచారం ఉంది మనకు. పేపర్లో ఫొటో కూడా వేయించుకుంటారు. 2010లో తమిళనాడు కేసులో జస్టిస్ కట్జూ ధర్మాసనం ఇలాంటి తీర్మానాలు చట్టవిరుద్ధమనీ, వృత్తికే మచ్చ అనీ తేల్చి పారేసింది. వచ్చిన కేసు తీసుకోవాల్సిన బాధ్యత బార్ కౌన్సిల్ నియమాల్లోనే రాసి ఉంది. కె.జి. కన్నబిరాన్ నక్సలైట్ల తరఫున వాదించినప్పుడు ఆయన నక్సలైటు అయిపోలేదు. పార్వతీపురం కుట్ర కేసులో రాజ్యం కోరలు చూసి కూడా ఆయన నల్లకోటు విప్పలేదు. ఆయన ఫొటోకు దండ వేసి, కింద కూర్చుని బహిష్కరణ తీర్మానం రాయగలిగే చర్మం మీకెలా వచ్చింది?

ఇప్పటికిప్పుడు చేయగలిగింది లేదనకండి. కొత్త బీఎన్ఎస్ఎస్ 173(3) ప్రకారం మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో డీఎస్పీ అనుమతితో పద్నాలుగు రోజుల్లో ప్రాథమిక విచారణ చేసి, కేసు ఉందో లేదో తేల్చుకున్నాకే ఎఫ్ఐఆర్ కట్టవచ్చు. మాట, రాతకు సంబంధించిన కేసుల్లో ఆ దారినే పట్టమని 2025 మార్చిలో ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాటలను తేలిగ్గా నొచ్చుకునేవాడి కొలతతో కాదు, గుండె నిబ్బరం ఉన్నవాడి కొలతతో చూడమంది. రెండు రాష్ట్రాల డీజీపీలు ఆ తీర్పును ఒక పేజీ తెలుగులో రాయించి ప్రతి స్టేషన్లో రైటరు బల్ల మీద అంటిస్తే సగం కేసులు పుట్టకముందే పోతాయి. మిగతా సగం పోవాలంటే 299 పోవాలి. సవరణ కాదు, రద్దు. ఆంధ్రకు పాతిక, తెలంగాణకు పదిహేడు, మొత్తం నలభై రెండు మంది ఎంపీల్లో లోక్‌సభలో ప్రైవేటు బిల్లు పెట్టి ఆ రద్దు కోరే మనిషి ఒక్కరున్నారా? ఉంటే కబురు చేయండి. ఏ పార్టీ అయినా సరే, ఏ దేవుడికి మొక్కేవారైనా సరే, వచ్చే ఎన్నికల్లో ఆయన కరపత్రాలు ఎండలో నిలబడి నేను పంచుతాను.